ఎడమ రెక్క

మొహావీ
మార్చి 14, 1987

నా బంగారు నాన్నకి,

ఈ ఎడారిలో గాలి మొదలైంది. నువ్వు ఉన్నప్పుడు తిట్టుకునేవాడివే, అదే గాలి. పొద్దున్న లేచేసరికి కాఫీ గిన్నెలో కూడా ఇసుక. అక్కడ యాకిమాలో ఇంకా చలిగానే ఉందనీ, ఆపిల్ కొమ్మలు కత్తిరించే పని అయిపోవచ్చిందనీ పిన్ని ఫోన్లో చెప్పింది. నీ మణికట్టు నొప్పి గురించి అడిగితే మాత్రం మాట మార్చేసింది. అందుకని నువ్వే రాయి. రెండు ముక్కలయినా సరే. అక్షరాలు వంకరపోయినా నేను చదువుకుంటాను. నీకు రాయడం నేర్పింది నేనే కదా, నీ వంకరలన్నీ నాకు తెలుసు.

విమానం ఎంతవరకు వచ్చిందని అడిగావు. దాదాపు అయిపోయింది. డొక్క, అంటే మనిషి కూర్చునే భాగం, నువ్వు చూసిందే, ఫ్రెస్నోలో ఒకాయన సగం కట్టి విసుగెత్తి అమ్ముకున్నది. రెక్కలు మేం కట్టాం. ఇంజను నీ అల్లుడు డ్వైట్ బిగించాడు. చిన్న రెక్క ముందు, పెద్ద రెక్కలు వెనక, అన్నిటికంటే వెనక ఇంజను. దీన్ని చూడగానే నువ్వు "ఎవరో తాగి తిరగేసి బిగించార్రా దీన్ని" అన్నావు గుర్తుందా, ఇప్పటికీ ఈ విమానాల షెడ్ల వరసలో అందరూ ఆ మాట చెప్పుకుని నవ్వుతారు. లోపల మనిషి కూర్చోకపోతే బరువంతా ఇంజను వైపు పోయి తోక మీద కూలబడుతుంది కాబట్టి, ముందు చక్రం మడిచేసి ముక్కు నేలకి ఆనించి ఉంచుతాం. దూరం నుంచి చూస్తే నీళ్ళు తాగుతున్న మేకలా ఉంటుంది. ఇంక నునుపు చేసి తెల్లరంగు వెయ్యడమే మిగిలింది.

ఇదంతా సంతోషంగా రాయాల్సిన విషయం. రాయలేకపోతున్నాను. ఈ ఉత్తరం మొదలుపెట్టి రెండుసార్లు లేచి వెళ్ళి గిన్నెలు కడిగాను. కడిగినవే మళ్ళీ కడిగాను.

కిందటి ఆదివారం భోజనం దగ్గర డ్వైట్ చిక్కుడుగింజల పళ్ళెంలోంచి తలెత్తకుండా, "ఆ కార్డు దరఖాస్తులో నా పేరు రాస్తున్నాను, ఒక్క పేరే అడుగుతున్నారు," అన్నాడు. నేను సరే అన్నాను. ఉప్పు ఇటివ్వు అంటే ఇచ్చినట్టు అనేశాను.

నీకు ఆ కార్డు సంగతి చెప్పాలి. సొంతంగా విమానం కట్టుకున్నవాళ్ళకి ప్రభుత్వం ఒక కార్డు ఇస్తుంది. అది ఉన్న మనిషి ఏడాదికోసారి తన విమానాన్ని తానే విప్పి చూసుకుని, ఇది ఎగరొచ్చు అని సంతకం పెట్టొచ్చు. ఎంతమంది కలిసి కట్టినా ఒక్కరికే ఇస్తారు. మేం రేపు విమానాన్ని అమ్మేసినా కొన్నవాళ్ళకి ఆ హక్కు రాదు. కట్టిన చేతులకే అది తెలుసునని లెక్క. ఈ షెడ్ల దగ్గర ఎవరినైనా పరిచయం చేసేటప్పుడు, ఎన్నేళ్ళుగా నడుపుతున్నారని ఎవరూ అడగరు. ఇది నువ్వే కట్టావా అని అడుగుతారు.

నాన్నా, ఆ రెక్కల మీద గాజుపీచుతో నేసిన ఫైబర్‌గ్లాస్ గుడ్డ పరిచింది ఎక్కువ నేనే. జిగురు కలిపింది, బుడగలు లేకుండా ఒత్తింది, ఎండాక రుద్దింది నేనే. గాజు నూగు ఇప్పటికీ నా మోచేతుల్లో ఉంది, చొక్కా తగిలితే దురద. తర్వాత రెండో రోజు ఆ మాట మళ్ళీ ఎత్తాను. డ్వైట్ కోప్పడలేదు. "నీకు గోడ మీద డిగ్రీ ఉంది కదా లాలా. నేను పదో తరగతి కూడా పూర్తి చెయ్యలేదు. నాకు ఇదొక్కటి ఉండనీ," అన్నాడు. ఏం చెప్పను? మన ఇంట్లో ఎవరికీ లేని కాగితం నాకుంది. అది లేకపోవడం ఎలా ఉంటుందో నిన్ను చూస్తూ పెరిగాను. అందుకే నోరు మూసుకున్నాను. కానీ మూసుకున్నప్పటి నుంచి కాలు ఒకచోట నిలవడం లేదు. ఆఫీసులో పంపుల బొమ్మలు గీస్తూ గీస్తూ లేచి బయటికొచ్చి ఆ గాలిలో నిలబడుతున్నాను.

నీకు డ్వైట్ అంటే ఇష్టమని తెలుసు. నాకూ ఇష్టమే. అందుకే ఇది ఇంకెవరికీ రాయలేదు.

మణికట్టుకి వేడినీళ్ళ కాపడం పెట్టుకో.

నీ లాలా


మొహావీ
ఏప్రిల్ 9

నాన్నా,

నీ ఉత్తరం వచ్చింది. "భర్తతో పేరు కోసం పోట్లాడకు, పని కోసం పోట్లాడు" అని రాశావు. దాన్ని మడిచి పర్సులో పెట్టుకుని తిరిగాను. నువ్వన్నట్టే చేద్దామని పనిలో పడ్డాను. పనిలో పడడం వల్లే ఇది తెలిసింది.

మొన్న శనివారం నేనొక్కదాన్నే షెడ్డుకి వెళ్ళాను. డ్వైట్ సిమెంటు ఫ్యాక్టరీలో, లారీల పని మీద ఉన్నాడు. రంగు వేసేముందు రెక్కంతా నాణెంతో కొట్టి వింటాం. గుడ్డ గట్టిగా అతుక్కున్నచోట టక్ టక్ మని మోగుతుంది. వదులైనచోట పుచ్చకాయ మీద కొట్టినట్టు మెత్తగా వస్తుంది. కుడిరెక్క అంతా బాగానే మోగింది. ఎడమరెక్క చివర నుంచి కొట్టుకుంటూ వచ్చాను. మొదలు దగ్గరికి, అంటే రెక్క డొక్కలో కలిసేచోటికి వచ్చేసరికి శబ్దం చచ్చిపోయింది. నాణెం సరిగా తగల్లేదేమో అనుకున్నాను. నాణెం మార్చాను. మళ్ళీ అదే.

అంచు దగ్గర కొంచెం రుద్ది చూశాను. లోపల నీలం దారం కనిపించింది.

నీకు అర్థమయ్యేలా చెప్తాను. గుడ్డ ఒక పొర వేశాక పని ఆపాల్సివస్తే, తడి జిగురు మీద పల్చటి నైలాన్ పట్టీ ఒకటి పరుస్తాం. జిగురు గట్టిపడ్డాక దాన్ని పర్రున లాగేస్తే కింద శుభ్రంగా, గరుగ్గా ఉంటుంది, పై పొర దాన్ని బాగా పట్టుకుంటుంది. ఆ పట్టీకి వేరే పేరేం లేదు, ఊడదీసే గుడ్డ అంటాం. అతుక్కోకుండా ఊడిరావడమే దాని పని. జిగురులో తడిస్తే అద్దంలా అయిపోతుంది, కనపడదు. కనపడాలనే అందులో నీలం దారం నేస్తారు. దాన్ని తియ్యడం మర్చిపోయి పైన పొరలు వేసేస్తే, రెక్కకి వెన్నెముకలాంటి పట్టీకీ పైతోలుకీ మధ్య ఊడడానికే పుట్టిన గుడ్డ ఒకటి ఉండిపోతుంది. రెక్క మీద బరువంతా పడేది సరిగ్గా ఆ మొదలు దగ్గరే.

ఆ పని ఏ రోజు జరిగిందో కూడా నాకు తెలుసు నాన్నా. కిందటేడు నువ్వు యాకిమా బస్సెక్కిన రోజు. నేను నిన్ను తీసుకుని బస్టాండుకి వచ్చాను. డ్వైట్ పొద్దున్నే వెన్నుపట్టీ వేసి, మధ్యలో ఆపి, నిన్ను సాగనంపాలని పరుగెత్తుకొచ్చాడు. నీ చెయ్యి పట్టుకుంటే జిగురంటి, "ఇంక వదలవా అల్లుడూ" అని నువ్వు నవ్వావు. తిరిగి వెళ్ళి ఒక్కడే పైతోలు వేశాడు. నేను సాయంత్రం వచ్చేసరికి రెక్క మూసేసి ఉంది. చాలా బాగా వచ్చిందని నేనే మెచ్చుకున్నాను.

అతనికి ఈ సంగతి తెలియదు. తెలియదనే నా నమ్మకం. మే నెలాఖరుకి ఇన్‌స్పెక్టర్ వస్తాడు, ఆ మర్నాడే డ్వైట్ మొదటిసారి ఎగరాలని పెట్టుకున్నాడు. తానొక్కడే ఎగురుతాడట, నన్ను ఎక్కనివ్వడట.

రెక్క కొయ్యాల్సిందే. పైన అతుకువేసి సరిచేసే చోటు కాదది. కొత్తరెక్క అంటే ఇంకొన్ని నెలలు. అది నాకు లెక్కలోకి రాలేదు. నాకు అడ్డుపడుతున్నది వేరే. చెప్తే డ్వైట్ ఏమంటాడో నాకు తెలుసు. ముందు కాదంటాడు. తర్వాత, అది చిన్నముక్కే, ఏం కాదు అంటాడు. పదో తరగతి దాటని మనిషికి డిగ్రీ ఉన్న పెళ్ళాం తప్పు చూపిస్తోందని అతని మొహంలో కనిపిస్తుంది. ఆ మొహం చూడలేను. చూడకుండా ఎలా బయటపడాలా అని నాలుగురోజులుగా తిరుగుతున్నాను. మంచమ్మీద కూర్చుంటాను, లేస్తాను. తలుపు దాకా వెళ్ళి ఎందుకొచ్చానో మర్చిపోతాను.

నార్మాకి చెప్పాను. పక్క షెడ్డు ఆవిడ, నువ్వొచ్చినప్పుడు పొద్దుతిరుగుడు గింజలు పెట్టిందే, ఆవిడే, అరవై దాటినా తన విమానం తానే నడుపుతుంది. ఆవిడ వచ్చి నాణెంతో తనూ కొట్టింది. పొట్టు ఉమ్మేసి, "సాయంత్రం వాడొస్తాడు, చెప్పు," అంది. ఎలా చెప్పాలో తెలియడం లేదన్నాను.

"దీనికి ఎలా ఏముంది అమ్మాయ్, నోటితోనే."

"అతను చిన్నబుచ్చుకుంటాడు నార్మా."

"చిన్నబుచ్చుకోనీ. బతికుంటే కదా చిన్నబుచ్చుకునేది. మీ మొగుడూ పెళ్ళాల మొహమాటం ఈ రెక్కకేం తెలుసు?"

నాకు కోపం వచ్చింది. ఆవిడ భర్త పోయి చాలా ఏళ్ళయింది, తనకేం తెలుసులే అనుకున్నాను. ఇప్పుడు ఆ అనుకున్నది రాస్తుంటే సిగ్గేస్తోంది.

నేనొకటి నిర్ణయించుకున్నాను. వచ్చే శనివారం కూడా డ్వైట్‌కి ఫ్యాక్టరీ పని ఉంది. అప్పుడు వెళ్ళి రెక్క నేనే కోసేస్తాను. కోశాక చెప్తాను. కోసినదాన్ని ఎవరూ వాదించి అతికించలేరు. దరఖాస్తు మీద నా పేరు రాస్తాను, ఎందుకో అడిగితే ఆ నీలం దారం చూపిస్తాను. ఆ తర్వాత అతను నన్ను ఇంట్లో ఉండనివ్వకపోతే, లేక నేనే ఉండలేకపోతే, యాకిమా వస్తాను. తోటలో పని ఇప్పించు. పిన్నికి ఏం చెప్పకు.

నీ లాలా


మొహావీ
జూన్ 21

నాన్నా,

ఇన్నాళ్ళూ రాయనందుకు తిట్టు. పిన్ని ఫోన్ చేస్తే బాగానే ఉన్నానన్నాను. నువ్వు నమ్మలేదని తర్వాత చెప్పింది. ఇప్పుడు కూర్చున్నాను. మధ్యలో లేవనని కాఫీ ముందే కాచుకున్నాను.

ఆ శనివారం రెక్కని బల్లల మీద పెట్టి, రంపం తీసుకుని, గుడ్డలో దారం కనిపించినచోట పెన్సిలుతో గీత గీశాను. గీత మీద గీత గీస్తూ నిలబడ్డాను. రంపం పెట్టలేదు. అందులో మా రెండేళ్ళు ఉన్నాయి. అంతలో బయట ట్రక్కు ఆగింది. డ్వైట్. ఫ్యాక్టరీ దుస్తుల్లోనే ఉన్నాడు. నార్మా ఫోన్ చేసిందట, "మీ ఆవిడ రంపం పట్టుకుని నిలబడింది, నువ్వొచ్చి పక్కన నిలబడు" అని. ఇంకొక్క ముక్క కూడా చెప్పలేదట.

 అతను రెక్క దగ్గరికొచ్చాడు. నా పెన్సిలు గీత చూశాడు. దాని పక్కన వేలుపెట్టి, "అక్కడ కాదు. ఇంకో జానెడు ఇటు. అక్కడి నుంచి మొదలవుతుంది," అన్నాడు.

నాన్నా, నేనింకా నీలం దారం మాట ఎత్తనే లేదు.

నాకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది.  ఎప్పటి నుంచి తెలుసని అడిగాను. నువ్వు బస్సెక్కిన ఆ రోజు నుంచే అన్నాడు. పైతోలు వేసి, గట్టిపడ్డాక నేల ఊడుస్తుంటే, లాగేసిన గుడ్డపీలికల కుప్ప చిన్నగా కనిపించిందట. చివరవైపు ముక్క లాగాడు, మొదలువైపు ముక్క లాగలేదు. మళ్ళీ మళ్ళీ కుప్ప విప్పి చూసుకున్నాడట. అప్పుడే నేను వచ్చి చాలా బాగా వచ్చిందన్నాను.

"నువ్వు అలా అన్నాక చెప్పలేకపోయాను. రేపు చెప్దాం అనుకున్నాను. రేపు కూడా నువ్వు దాన్ని చూసి మురిసిపోయావు," అన్నాడు.

"మరి పేరు?"

తలెత్తలేదు. "కట్టింది ఎవరని రేపు ఎవరైనా అడిగితే నీ పేరు ఉండకూడదని. ఏదైనా అయితే నీ మీదకి రాకూడదు."

"నాకు ఇదొక్కటి ఉండనీ అన్నావు."

"అదీ నిజమే. రెండూ నిజమే."

అందుకే మొదట తానొక్కడే ఎగురుతానన్నాడు. రెక్క నిలిస్తే నిలుస్తుంది, ఇంక ఎప్పటికీ ఎవరికీ చెప్పనక్కర్లేదు. నిలవకపోతే ఒక్కడే. ఇదంతా చాలా మామూలుగా, లారీకి టైరు మార్చడం గురించి చెప్పినట్టు చెప్పాడు. నా మీద ప్రేమతోనే అలా అనుకున్నాడని నమ్ముతున్నాను. కానీ ఆ నిమిషంలో నాకు వచ్చినంత కోపం నా జన్మలో రాలేదు. తప్పు చేశానని చెప్పడంకంటే చచ్చిపోవడం తేలికనుకున్నాడు. నాకు మిగిలేది ఏమిటో ఒక్కసారి కూడా అనుకోలేదు. ఆ మాటే అన్నాను. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేదని తర్వాత అతనే అన్నాడు.

రంపం అతని చేతిలో పెట్టాను. అతను చూపించినచోటే కోశాడు. కోసిన అంచులో ఉలి మొన దూర్చి, పైతోలు కొస రెండువేళ్ళతో పట్టుకుని లాగాడు. వచ్చేసింది. గోడ మీద పాత పోస్టరు ఊడినట్టు, మోచెయ్యి పొడుగునా ఒక్క లాగుకి వచ్చేసింది. కింద గుడ్డ నేత అచ్చు ఎంత శుభ్రంగా ఉందంటే, ఆ రెండు పొరలూ ఒకదాన్నొకటి ఎన్నడూ తాకనట్టుంది. ఆ ముక్కని చేతిలో పట్టుకుని డ్వైట్ నేల మీద కూర్చుండిపోయాడు. ఇంతసేపూ ఏం కాదులే అనే ఆశ ఎక్కడో ఉన్నట్టుంది, అది అప్పుడు పోయింది. నేను అతని పక్కన కూర్చోలేదు నాన్నా. కూర్చోవాలని అనిపించింది, కూర్చోలేదు. బయటికి వెళ్ళిపోయాను.

మూడువారాలు నార్మా ఇంట్లో ఉన్నాను. ఆవిడ ఏమీ అడగలేదు. ఒకరోజు మాత్రం, "నీకు చెప్పకుండా ఫోన్ చేసినందుకు కోపంగా ఉందా?" అంది. ఉందన్నాను. "ఉండనీ, అద్దెలో కలుపుకుంటాను," అని గింజల గిన్నె నా ముందుకి తోసింది. డ్వైట్ రోజూ సాయంత్రం షెడ్డుకి వచ్చి, కొత్తరెక్క లోపల పెట్టే తేలికపాటి ఫోమ్ దిమ్మలు ఒక్కడే సర్దుకునేవాడు. ఆ దిమ్మలని కాల్చిన తీగతో కొయ్యాలి, దానికి రెండు చివర్లా ఒక్కో మనిషి కావాలి. ఒక్కడివల్ల కాదని అతనికీ తెలుసు. నార్మాని అడగొచ్చు, అడగలేదు. సర్దుతూ కూర్చున్నాడు. నార్మా షెడ్డులోంచి చూసీచూసీ నాకే ఒళ్ళు మండి ఒకరోజు వెళ్ళి రెండో చివర పట్టుకున్నాను.

దరఖాస్తు బల్ల మీద ఉంది. నా పేరు అతని చేతిరాతతో రాసి ఉంది. చూడనట్టే ఊరుకున్నాను. దిమ్మ పూర్తిగా కోశాక అతనే ఆ మాట ఎత్తాడు. నేను వద్దన్నాను.

"నీకు కావాలన్నావు కదా."

"కావాలి. నువ్వు జాలిపడి ఇస్తే అక్కర్లేదు."

"జాలి కాదు లాలా. ఆ కార్డు ఉన్నవాళ్ళు ఈ ఏడు ఎగరొద్దు అని కూడా చెప్పొచ్చు కదా. నాకు అలా చెప్పేవాళ్ళు ఎవరైనా ఉండాలి. నాకు నేను చెప్పుకోలేనని తేలిపోయింది."

అప్పుడు సంతకం పెట్టాను. సంతోషంగా ఏం పెట్టలేదు. ఆ కార్డు కోసం అంత ఆరాటపడ్డానా, తీరా దాని కాగితం చేతికొచ్చేసరికి దాని బరువు వేరేగా ఉంది. ఏటా ఒకరోజు నేను నా మొగుణ్ణి నమ్మకుండా ఉండాలి. అదీ ఆ కార్డు ఉద్యోగం.

నేనిప్పుడు ఇంట్లోనే ఉన్నాను. యాకిమా రావడం లేదు, తోటలో పని అడగకు. అన్నీ సరిపోయాయని రాస్తే నువ్వు పిన్ని మాట నమ్మనట్టే నా మాటా నమ్మవు. రాత్రి భోజనం దగ్గర ఇద్దరం ఎక్కువ మర్యాదగా ఉంటున్నాం. నిన్న మాత్రం మిరపకాయ కారం ఎక్కువైందని నన్ను తిట్టాడు, హాయిగా అనిపించింది.

నిన్నే కొత్తరెక్కకి వెన్నుపట్టీ వేశాం. ఇవాళ పైతోలు. జిగురు కలిపేముందు అతను రెక్క పొడుగునా నడుస్తూ ఊడదీసే గుడ్డ లాగుతున్నాడు. నేను గిన్నె పట్టుకుని ఇవతల నిలబడ్డాను. తీశావా అని అడిగాను. తీశానన్నాడు. అక్కడితో ఊరుకుంటే మళ్ళీ పాత మేమే అయ్యేవాళ్ళం. చూపించు అన్నాను. ఆ మాట అనడం ఇంకా అలవాటు కాలేదు నాన్నా.  డ్వైట్ పీలికలన్నీ రెక్క పక్కన కొస నుంచి కొస దాకా నేల మీద పరిచి, "మొదలు దగ్గర్నుంచి రా," అన్నాడు.

మొదలు దగ్గర్నుంచే వెళ్ళాను.

నీ కూతురు,
లాలా